జానపద పాట – ప్రచురణ వృత్తి: పెద్దగట్టు జాతర నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పల్లె పాట నేడు జాతర ప్రాంగణం నుంచి ధ్వనిముద్రణ గదికి, అక్కడి నుంచి అంతర్జాల వేదికలకు చేరుతున్నది. ఈ ప్రయాణంలో పాటకు ఆదాయం వస్తున్నది, దానితోపాటు ‘ఈ పాట ఎవరిది?’ అన్న ప్రశ్న కూడా వస్తున్నది. ఈ ప్రశ్నకు ఆధారాలతో సమాధానం చెప్పి, దాని ప్రకారం హక్కులను నమోదు చేసి, రాబడిని పంచే వృత్తిని సంగీత ప్రచురణ అంటారు. అమెరికా గ్రామీణ సంగీతమైన కంట్రీ సంగీతంలో ఈ వృత్తి ఎట్లా పుట్టిందో, అది చేసిన మేలు, మిగిల్చిన లోటు ఏమిటో వివరించి, భారతీయ కాపీరైట్ చట్టం వెలుగులో తెలంగాణ జానపద పాటకు ఆ అనుభవాన్ని అన్వయించడం ఈ వ్యాస లక్ష్యం. పాటలోని సంప్రదాయ భాగాన్ని, వ్యక్తి రచనను, ప్రదర్శనను వేరుచేసి చూపగల శిక్షణ జానపద సాహిత్య పరిశోధకులకు ఇప్పటికే ఉందని, అందువల్ల ఈ వృత్తికి వారు సహజమైన అర్హులని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జానపద గేయం, సంగీత ప్రచురణ, కాపీరైట్, కంట్రీ సంగీతం, పెద్దగట్టు జాతర, ప్రదర్శకుల హక్కు.

1. ప్రవేశిక

సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలంలోని దురాజ్‌పల్లి గుట్టపై రెండేళ్లకొకసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. ఈ గుట్టను ప్రజలు పెద్దగట్టు అనీ, గొల్లగట్టు అనీ పిలుస్తారు. ఐదు రోజులపాటు సాగే ఈ జాతరలో యాదవుల పాత్ర ప్రధానమైనది. 2025లో ఇది ఫిబ్రవరి 16 నుంచి 20 వరకు జరిగింది. హైదరాబాదు – విజయవాడ జాతీయ రహదారి పక్కనే ఉన్న ఈ గుట్ట మీదికి గంపలు ఎత్తుకొని వచ్చే స్త్రీలు, భేరీలు, డప్పులు మోగించే పురుషులు, లింగా అని స్వామిని తలుచుకొనే వేలాది గొంతులు ఈ జాతరకు ప్రత్యేకతను కల్పిస్తాయి.

ఈ జాతరలో పాట అలంకారం కాదు, క్రతువులో భాగం. అయితే గత కొన్నేళ్లుగా జాతర సమీపిస్తున్నదంటే లింగమంతుల స్వామి మీద, చౌడమ్మ మీద కొత్త పాటలు యూట్యూబులో విడుదలవుతున్నాయి. వీటిలో పల్లవి ఎప్పటిదో అయి ఉండవచ్చు. చరణాలను ఇప్పటి యువకవి రాసి ఉండవచ్చు. వరుస డోలు దెబ్బకు అనుగుణంగా తరాల నుంచి వస్తున్నదై ఉండవచ్చు. వాద్యసమ్మేళనం పట్టణంలోని ధ్వనిముద్రణ గదిలో జరిగి ఉండవచ్చు. పాట కింద మాత్రం తరచుగా ఒకరిద్దరి పేర్లే కనిపిస్తాయి. పాటకు ప్రచారం లభించనంతవరకు ఎవరికీ పట్టింపు ఉండదు. లక్షలమంది విన్న తరువాత, సినిమావారు అడిగిన తరువాత వివాదం మొదలవుతుంది. అప్పటికి ఆధారాలు చెదిరిపోయి ఉంటాయి.

ఈ పరిస్థితిని నైతిక సమస్యగా చూసి ఆవేదన చెందడం సులువు. దీనిని వృత్తిపరమైన లోటుగా చూడడం ఈ వ్యాసం ఎంచుకొన్న మార్గం. పాటకు కవి ఉన్నాడు, గాయని ఉన్నది, సంగీతం కూర్చేవారున్నారు, విడుదల చేసే ఛానెల్ ఉన్నది. వీరందరి వాటాలను మొదటి రోజే తేల్చి రాసిపెట్టే వ్యక్తి మాత్రం లేడు.

2. సంగీత ప్రచురణ – అర్థవివేచన

తెలుగులో ‘ప్రచురణ’ అనగానే ముద్రిత గ్రంథం స్ఫురిస్తుంది. ఐరోపాలో, అమెరికాలో కూడా సంగీత ప్రచురణ అచ్చుపనిగానే మొదలైంది. స్వరాలతో కూడిన పాటల కాగితాలను అచ్చువేసి అమ్మినవారే తొలి సంగీత ప్రచురణకర్తలు. గ్రామఫోను, రేడియో వచ్చిన తరువాత కాగితం అమ్మకం తగ్గి, పాటపై హక్కుల నిర్వహణ ప్రధానమైంది. పేరు మాత్రం పాతదే నిలిచింది.

ఈ వృత్తిని అర్థం చేసుకోవడానికి రెండు వస్తువులను వేరుగా చూడాలి. మొదటిది కృతి, అంటే సాహిత్యం, దాని వరుస. రెండవది ధ్వనిముద్రణ, అంటే ఆ కృతిని ఒకరు ఒక రోజున పాడగా నమోదైన శబ్దం. ఒకే కృతికి పది ధ్వనిముద్రణలు ఉండవచ్చు. ధ్వనిముద్రణను చూసుకొనేది రికార్డు కంపెనీ లేదా ఛానెల్. కృతిని చూసుకొనేది ప్రచురణకర్త. మన ప్రాంతంలో ఈ రెండూ ఒకే చేతిలో కలిసిపోవడం వల్ల, ఛానెల్ యజమాని ధ్వనిముద్రణకు డబ్బు పెట్టినందుకు కృతికి కూడా యజమానిగా చెలామణి కావడం సాధ్యమవుతున్నది.

ప్రచురణకర్త పనిని ఐదు భాగాలుగా చెప్పవచ్చు: (1) పాటలను, కవులను గుర్తించడం, (2) లిఖితపూర్వకంగా ఒప్పందం చేసుకోవడం, (3) కృతి వివరాలను హక్కుల సంఘాలలో నమోదు చేయడం, (4) కొత్త గాయకులకు, సినిమాలకు, ప్రకటనలకు పాటను పరిచయం చేయడం, (5) వచ్చిన రాబడిని లెక్కగట్టి పంచడం. రాబడి కూడా ఒకే దారిలో రాదు. బహిరంగ ప్రదర్శన, ప్రసారాల నుంచి వచ్చేది ఒకటి. పాటను ప్రతులుగా మార్చినప్పుడు వచ్చేది మరొకటి. సినిమాలో, ప్రకటనలో దృశ్యంతో జోడించినప్పుడు వచ్చేది ఇంకొకటి. పాటల పుస్తకం ముద్రణ వల్ల వచ్చేది నాలుగవది. ఒక్కొక్క మొత్తం చిన్నదే అయినా, పాట బతికున్నంత కాలం వస్తూ ఉండడం దీని లక్షణం.

3. కంట్రీ సంగీతం – ప్రచురణ వృత్తి పుట్టుక

అమెరికా దక్షిణాది పల్లెల్లో ఐరోపా వలసదారుల కథాగేయాలు, ఆఫ్రికన్ అమెరికన్ల గానరీతులు, చర్చి కీర్తనలు కలిసి రూపొందిన సంగీతమే తరువాత కంట్రీ సంగీతం అనిపించుకొంది. 1920లలో రికార్డు కంపెనీల దృష్టి దీనిమీద పడింది. 1927 జులై చివర, ఆగస్టు మొదట విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే వ్యక్తి టెనెసీ – వర్జీనియా సరిహద్దు పట్టణమైన బ్రిస్టల్‌కు ధ్వనిముద్రణ యంత్రాలతో వచ్చాడు. కార్టర్ కుటుంబం, జిమ్మీ రోడ్జర్స్ తొలిసారి రికార్డు ఇచ్చింది అక్కడే. కంట్రీ సంగీత చరిత్రకారులు ఈ ఘట్టాన్ని ఆ సంగీత పరిశ్రమకు ఆరంభంగా భావిస్తారు.

పీర్ విక్టర్ కంపెనీ నుంచి జీతానికి బదులు, తాను రికార్డు చేసిన పాటల ప్రచురణ హక్కులను కోరుకొన్నాడు. గాయకులకు ఒక్కొక్క పాటకు 50 డాలర్లతోపాటు, అమ్మకాలపై కొద్దిపాటి రాయల్టీని కూడా చెల్లించే పద్ధతి పెట్టాడు. 1928లో సదరన్ మ్యూజిక్ అనే ప్రచురణ సంస్థను నెలకొల్పాడు. ఈ పద్ధతిలో ఒక షరతు దాగి ఉంది. ఎవరికీ చెందని పాత పాటపై ప్రచురణ రాబడి ఉండదు. కాబట్టి పీర్‌కు కావలసింది కొత్త పాట, లేదా కొత్త పాటగా నమోదు చేయదగినంత మార్చిన పాత పాట.

దీని ఫలితం రెండు విధాలుగా ఉంది. ఒకవైపు పల్లె గాయకుడు తొలిసారిగా కవిగా గుర్తింపు పొందాడు, అతనికి రాయల్టీ వచ్చింది, కొత్త రచనకు ప్రోత్సాహం కలిగింది. మరొకవైపు ఉమ్మడి సొత్తుగా ఉన్న పాటలు వ్యక్తుల పేర్ల మీదికి మారాయి. కార్టర్ కుటుంబ పెద్ద ఎ.పి. కార్టర్ కొండ ఊళ్లు తిరిగి పాటలు సేకరించేవాడు. ఆ ప్రయాణాల్లో అతనికి తోడుగా వెళ్లి, వరుసలను గుర్తుపెట్టుకొని వచ్చి కుటుంబానికి నేర్పినవాడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు కళాకారుడు. కార్టర్ సాహిత్యాన్ని రాసుకొనేవాడు, రిడిల్ వరుసను మనసులో నిలుపుకొనేవాడు. పాటలు కార్టర్ పేరుతో నమోదయ్యాయి. రిడిల్ కృషి దశాబ్దాల తరువాత పరిశోధకుల వల్లనే లోకానికి తెలిసింది.

1942లో గాయకుడు రాయ్ అకఫ్, పాటల రచయిత ఫ్రెడ్ రోజ్ కలిసి నాష్‌విల్‌లో అకఫ్ – రోజ్ అనే ప్రచురణ సంస్థను ప్రారంభించారు. సంగీతజ్ఞుడైన రోజ్ కొత్త కవుల పాటలను దిద్ది, గాయకులకు అందించేవాడు. 1946లో హ్యాంక్ విలియమ్స్ ఈ సంస్థలో చేరాడు. ఇక్కడి నుంచి ప్రచురణ, హక్కులు రాయించుకొనే పనితో ఆగక, కవిని పెంచే పనిగా కూడా మారింది. 1974 ప్రాంతంలో డాలీ పార్టన్ రాసిన ఒక పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడాలనుకొన్నప్పుడు, అతని మేనేజరు ఆ పాట ప్రచురణ హక్కులో సగం అడిగాడు. ఆమె నిరాకరించింది. 1992లో విట్నీ హ్యూస్టన్ ఆ పాటను సినిమాలో పాడి ప్రపంచ ప్రసిద్ధం చేసినప్పుడు ప్రచురణ రాబడి పార్టన్‌కే దక్కింది. కృతిపై హక్కుకు, ధ్వనిముద్రణకు గల భేదం తెలిసిన కవి తీసుకొన్న నిర్ణయమది.

ఈ చరిత్రలో రిడిల్, పార్టన్ ఇద్దరూ మనకు అవసరమే. కాగితం లేకపోవడం వల్ల నష్టపోయినవాడు ఒకరు, కాగితం విలువ తెలిసి నిలబడినవారు మరొకరు.

4. తెలుగులో జానపద గేయ ప్రచురణ – సేకరణ నుంచి ఛానెల్ వరకు

తెలుగు జానపద గేయానికి ముద్రణ చరిత్ర కొత్తది కాదు. 1871లో చార్లెస్ ఇ. గోవర్ వెలువరించిన దక్షిణ భారత జానపద గేయాల ఆంగ్ల సంకలనంలో తెలుగు పాటలకు చోటు దక్కింది. నందిరాజు చలపతిరావు స్త్రీల పాటలను, టేకుమళ్ల కామేశ్వరరావు పాత పాటలను, నేదునూరి గంగాధరం పల్లె పాటలను సేకరించి గ్రంథస్థం చేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు చేసిన పరిశోధన 1958లో ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’గా వెలువడి, ఈ రంగాన్ని విశ్వవిద్యాలయ విషయంగా నిలబెట్టింది. తంగిరాల వెంకట సుబ్బారావు పరిష్కరించిన కాటమరాజు కథలు యాదవుల వీరగాథకు శాస్త్రీయ పాఠాన్ని సమకూర్చాయి. పెద్దగట్టు వంటి జాతరల పాటలను అధ్యయనం చేసేవారికి ఈ కృషి నేటికీ ఆధారం.

మౌఖిక గానాన్ని స్వరబద్ధం చేసి రేడియోకు, గ్రామఫోను రికార్డులకు చేర్చినవారిలో వింజమూరి సోదరీమణులు ముఖ్యులు. వారిలో అనసూయాదేవి (1920–2019) చివరి దశలో అమెరికాలోని హ్యూస్టన్‌లో స్థిరపడ్డారు. ప్రవాసాంధ్రుల వేదికలకు కూడా జానపద గేయం ఈ తరహా కృషి వల్లనే చేరింది. తెలంగాణలో 1970లలో ఆరంభమైన జననాట్యమండలి పల్లె వరుసలకు రాజకీయ సాహిత్యాన్ని జోడించింది. క్యాసెట్ల కాలంలో ఆ పాట ఊరూరా వినిపించింది.

ఈ దశలన్నిటిలో ఒక ఉమ్మడి లక్షణం గమనించవచ్చు. పండితులు పాఠం గురించి, పాఠాంతరాల గురించి, రసం గురించి చర్చించారు. ఉద్యమకారులు పాట ప్రయోజనం గురించి ఆలోచించారు. పాటపై రాబడి హక్కు ఎవరిదన్న ప్రశ్న వారి ముందు ప్రధానంగా నిలవలేదు, ఎందుకంటే అప్పుడు రాబడి స్వల్పం. సంకలనం అట్టమీద సేకర్త పేరుండి, పాడినవారి పేరు లేకపోవడం నాడు తప్పుగా తోచలేదు. నేడు పరిస్థితి మారింది. వీక్షణల లెక్క ప్రకారం రాబడి వచ్చే కాలంలో పాత అలవాటును కొనసాగిస్తే, రిడిల్‌కు జరిగినదే ఇక్కడ మరెందరికో జరుగుతుంది.

5. చట్టం చెప్పేది

భారతీయ కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. సంగీత రంగానికి సంబంధించి 2012 సవరణ కీలకమైనది. రాజ్యసభలో కవి జావేద్ అఖ్తర్ ఈ సవరణ కోసం గట్టిగా వాదించారు. జానపద పాటకు అవసరమైనంత మేరకు చట్టంలోని అంశాలను ఇక్కడ వివరిస్తున్నాను.

5.1 సాహిత్యం, సంగీతం వేర్వేరు కృతులు. సంగీతం అంటే మాటలు మినహాయించిన వరుస. కాబట్టి ఒక పాటలో సాహిత్యం కొత్తదై, వరుస సంప్రదాయమైతే కవికి సాహిత్యం మీదే హక్కు.

5.2 హక్కు కాలపరిమితి కవి జీవితకాలం, ఆపై 60 సంవత్సరాలు. మరణించిన సంవత్సరం ముగిసిన తరువాత నుంచి ఈ లెక్క మొదలవుతుంది. ఉదాహరణకు 1982లో మరణించిన సుద్దాల హనుమంతు రచనలపై హక్కు 2042 డిసెంబరు 31 వరకు ఉంటుంది. 1951లో మరణించిన కవి రచనపై హక్కు 2011తో ముగిసిపోతుంది. తరాల నుంచి కర్త తెలియకుండా వస్తున్న పాటపై ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా పాడుకోవచ్చు.

5.3 హక్కు బదిలీ లిఖితపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఏ కృతి, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ఎంత ప్రతిఫలం అన్నవి పేర్కొనాలి. కాలం రాయకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా చట్టం భావిస్తుంది. నోటిమాటతో ‘పాట ఇచ్చేశాను’ అన్నది బదిలీ కాదు.

5.4 సినిమాలో గాని, ధ్వనిముద్రణలో గాని చేరిన సాహిత్య, సంగీత కర్తలు తమ రాయల్టీలో సమాన వాటాను వదులుకోలేరు. వారసులకు లేదా హక్కుల సంఘానికి తప్ప మరెవరికీ దానిని రాసివ్వడం చెల్లదు. సినిమాను సినిమా హాలులో ప్రదర్శించడం మాత్రం దీనికి మినహాయింపు. ఏకమొత్తం తీసుకొని సంతకం చేసిన పల్లె కవికి ఇది పెద్ద రక్షణ. అది తనకున్నదని తెలియకపోవడమే ప్రధాన సమస్య.

5.5 పాడినవారికి ప్రత్యేకంగా ప్రదర్శకుల హక్కు ఉన్నది. అది ప్రదర్శన తరువాత 50 సంవత్సరాలు ఉంటుంది. పాట సంప్రదాయమైనదే అయినా, దానిని పాడిన గాయని ప్రదర్శన ఆమెది. అనుమతి లేకుండా దానిని రికార్డు చేసి అమ్మకూడదు. ప్రదర్శకురాలిగా తన పేరును గుర్తించాలని కోరే హక్కు కూడా 2012 సవరణతో బలపడింది.

5.6 సేకరణకు హక్కు వస్తుందా? 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈస్టర్న్ బుక్ కంపెనీ – డి.బి. మోదక్ కేసులో కేవలం శ్రమ చాలదని, కనీస స్థాయి సృజనాత్మకత, నైపుణ్యం, నిర్ణయశక్తి కనిపించాలని చెప్పింది. దీనిని జానపద గేయానికి అన్వయిస్తే, విన్నది విన్నట్లు రాసిన సేకర్తకు ఆ పాటపై హక్కు రాదు. పాఠాంతరాలను పోల్చి, పరిష్కరించి, వ్యాఖ్యానించిన భాగంపై అతనికి హక్కు ఉండవచ్చు. అయినా మూలపాఠం మాత్రం అందరిదే.

జానపద వ్యక్తీకరణలకు సముదాయ యాజమాన్యం కల్పించే ప్రత్యేక నిబంధన మన కాపీరైట్ చట్టంలో లేదు. యునెస్కో, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కలిసి 1982లో ఇందుకు ఒక నమూనాను రూపొందించాయి. ఘనా దేశం 2005 చట్టంలో జానపద సంపదను ప్రజల తరఫున దేశాధ్యక్షుని సంరక్షణలో ఉంచింది. మనకు అటువంటి ఏర్పాటు లేనప్పుడు, సంప్రదాయ భాగాన్ని సంప్రదాయంగానే ప్రకటించే బాధ్యత నమోదు చేసే వ్యక్తి నిజాయితీ మీద ఆధారపడుతున్నది.

6. రెండు ఉదాహరణలు

‘బండెనక బండి కట్టి’ తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాట. బండి యాదగిరి రచనగా ప్రసిద్ధం. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన ‘మా భూమి’ (1979) చిత్రంలో గద్దర్ గొంతుతో అది కొత్త తరాలకు చేరింది. నేడు చాలామంది దానిని గద్దర్ పాటగానే ఎరుగుదురు. ఇందులో గాయకుని దోషం లేదు. గొప్ప ప్రదర్శన కర్తృత్వాన్ని మరిపించడం మౌఖిక సంప్రదాయంలో సహజంగా జరుగుతుంది. కృతికి, ప్రదర్శనకు వేర్వేరు వరుసల్లో పేర్లు రాసే పద్ధతి ఉంటే యాదగిరి పేరు, గద్దర్ పేరు రెండూ నిలుస్తాయి. హక్కు కాలపరిమితి తీరిన పాటకు కూడా కర్త పేరు రాయడం చరిత్ర పట్ల బాధ్యత.

రెండవది ‘సారంగ దరియా’. 2021లో శేఖర్ కమ్ముల దర్శకత్వంలో వచ్చిన ‘లవ్ స్టోరీ’ చిత్రంలో సుద్దాల అశోక్ తేజ సాహిత్యంతో, పవన్ సి.హెచ్. సంగీతంతో, మంగ్లీ గళంతో ఈ పాట విశేష ఆదరణ పొందింది. దీనికి మూలం జానపద గేయం. అంతకుముందే ఆ గేయాన్ని టెలివిజన్ వేదికపై పాడిన, సేకరించిన గాయనుల గుర్తింపు అన్న అంశం అప్పుడు బహిరంగ చర్చగా మారింది. ఆ చర్చలో ‘పాట ఎవరిది’ అన్న ఒకే ప్రశ్న చుట్టూ వాదనలు తిరిగాయి. నిజానికి అక్కడ నాలుగు ప్రశ్నలున్నాయి. సంప్రదాయంగా వచ్చిన పల్లవి ఏది? కొత్తగా రాసిన చరణాలు ఏవి? పాత గేయాన్ని వెలికితీసి ప్రచారంలోకి తెచ్చింది ఎవరు? ఈ ధ్వనిముద్రణలో పాడింది ఎవరు? మొదటిదానికి సమాధానం సముదాయం, రెండవదానికి కవి, మూడవదానికి సేకర్తలు, నాలుగవదానికి గాయని. మూడవ పాత్రకు చట్టం స్పష్టమైన ఆర్థిక హక్కు ఇవ్వదు. అది పరస్పర అంగీకారంతో, పాట విడుదలకు ముందే తేల్చుకోవలసిన విషయం. ఆ పని చేసేవాడే ప్రచురణకర్త.

7. పొరల పత్రం – ఒక పద్ధతి

పై వివేచన ఆధారంగా జానపద పాట ప్రచురణకు ఒక పద్ధతిని సూచించవచ్చు. పెద్దగట్టు జాతర కోసం తయారైన ఒక పాటను ఊహించుకొందాం. దానికి ధ్వనిముద్రణకు ముందే ఒక వివరపత్రం రాయాలి. దీనిని ‘పొరల పత్రం’ అనవచ్చు. అందులో ఉండవలసినవి:

(అ) సంప్రదాయ పొర: ఏ పాదాలు ఎవరి నోట, ఏ ఊరిలో, ఏ తేదీన విన్నవి, వాటికి తెలిసిన పాఠాంతరాలు ఏవి. ఈ భాగం ఎదుట కర్త స్థానంలో ‘సంప్రదాయం’ అని రాయాలి, మరే పేరూ రాయకూడదు.

(ఆ) రచన పొర: కొత్త పాదాలు ఎవరు రాశారు. వాటి రాతప్రతి, తేదీ.

(ఇ) వరుస పొర: వరుస ఒగ్గు డోలు దరువు వంటి పాత రీతి నుంచి వచ్చిందా, కొత్తగా కట్టిందా, పాతదానికి మార్పు చేసిందా.

(ఈ) ప్రదర్శన పొర: ప్రధాన గాయని, వంతపాడినవారు, వాద్యకారులు. కోరస్ అన్న ఒక్కమాటతో సరిపెట్టకుండా అందరి పేర్లు.

(ఉ) ధ్వనిముద్రణ పొర: ఖర్చు ఎవరిది, దాని యజమాని ఎవరు.

(ఊ) అంగీకార పొర: మూలం చెప్పినవారికి ఏ గుర్తింపు, ఏ వాటా ఇవ్వడానికి ఒప్పుకొన్నారు. అది వారికి చదివి వినిపించారా.

ఈ పత్రం ఉంటే తరువాతి పనులు తేలికవుతాయి. కాపీరైట్ నమోదు తప్పనిసరి కాదు గాని, వివాదంలో ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. 2013 నాటి నిబంధనల ప్రకారం సాహిత్య లేదా సంగీత కృతికి 500 రూపాయలు, ధ్వనిముద్రణకు 2,000 రూపాయలు రుసుము. అభ్యంతరాల కోసం 30 రోజులు వేచి చూస్తారు. కవి, స్వరకర్త, ప్రచురణకర్తలు 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో సభ్యులుగా చేరవచ్చు. ఈ సంస్థ 2017లో కొత్త చట్టం ప్రకారం హక్కుల సంఘంగా తిరిగి నమోదైంది. గాయకుల రాయల్టీకి వేరే సంఘం ఉన్నది. కృతికి ఒక అంతర్జాతీయ సంఖ్య, ప్రతి ధ్వనిముద్రణకు 12 అక్షరాంకెల మరొక సంఖ్య కేటాయిస్తారు. ఈ రెంటినీ జోడించినప్పుడే ప్రపంచంలో ఎక్కడ పాట మోగినా లెక్క సరైన కర్తకు చేరుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. యూట్యూబులో శబ్దాన్ని పోల్చి హక్కుదారుని గుర్తించే యాంత్రిక వ్యవస్థ ఉన్నది. ఒక ఛానెల్ సంప్రదాయ గేయాన్ని మొత్తంగా తనదని నమోదు చేస్తే, అదే గేయాన్ని తన గొంతుతో పాడిన మరో ఊరి గాయని వీడియోపై కూడా హక్కు దావా పడే ప్రమాదం ఉంది. తాతముత్తాతల పాటను పాడుకొన్నందుకు ఆమె సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. సంప్రదాయ పొరను విడిగా చూపకపోవడం వల్ల కలిగే నష్టం సముదాయానికి ఈ రూపంలో ఎదురవుతుంది.

8. వృత్తిగా సంగీత ప్రచురణ – పరిశోధకుల స్థానం

ఈ వృత్తికి కావలసిన నైపుణ్యాలను పరిశీలిస్తే వాటిలో సగానికి పైగా తెలుగు శాఖల్లో బోధించేవేనని అవగతమవుతుంది. మాండలికాన్ని తప్పులేకుండా రాయడం, పాఠాంతరాలను పోల్చడం, ప్రక్షిప్తాన్ని గుర్తించడం, కర్తృత్వాన్ని నిర్ణయించడం, క్షేత్రపర్యటనలో చెప్పినవారి వివరాలు నమోదు చేయడం, ఇవన్నీ జానపద విజ్ఞాన పరిశోధకుని నిత్యకృత్యాలు. పరిశోధనలో వీటి ఫలితం సిద్ధాంతగ్రంథం. ప్రచురణలో వీటి ఫలితం హక్కుల పత్రం. అదనంగా నేర్చుకోవలసినవి మూడు: కాపీరైట్ చట్టంలో ప్రాథమిక పరిజ్ఞానం, స్వరలిపి, రాయల్టీ లెక్కలు చదవడం.

ఉపాధి మార్గాలు కూడా పలు విధాలు. సంగీత కంపెనీల ప్రచురణ విభాగాల్లో కృతుల జాబితా నిర్వహణ, హక్కుల సంఘాల్లో కర్తల వివరాల పరిశీలన, సినిమా నిర్మాణ సంస్థలకు జానపద గేయ మూలాల నిర్ధారణ, పంపిణీ సంస్థల్లో ప్రాంతీయ భాషల పాటల వివరాల సవరణ వంటివి ఉద్యోగ రూపంలో ఉండేవి. స్వతంత్రంగా చేయదలచినవారు పరిపాలన ఒప్పందం అనే పద్ధతిని అనుసరించవచ్చు. ఇందులో హక్కులు కవి దగ్గరే ఉంటాయి. ప్రచురణకర్త నమోదు, వసూలు పనులు చేసి, వచ్చిన రాబడిలో నిర్ణీత భాగాన్ని రుసుముగా తీసుకొంటాడు. పల్లె కవులకు, ఒగ్గు కళాకారులకు ఇది హక్కుల పూర్తి బదిలీ కన్నా క్షేమకరం.

ఈ వృత్తి పరిమితులను దాచనవసరం లేదు. ఒక మండలంలోని పాటలతో ఒక కుటుంబం గడవదు. తొలి సంవత్సరాల్లో శ్రమకు తగిన రాబడి ఉండదు. వందలాది కృతుల జాబితా సమకూరిన తరువాతనే నిలకడ వస్తుంది. అందువల్ల అధ్యాపక వృత్తితోపాటో, సహకార పద్ధతిలోనో దీనిని ప్రారంభించడం ఆచరణయోగ్యం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల కళాశాలల్లోని తెలుగు శాఖలు తమ విద్యార్థుల చేత జాతర పాటలకు పొరల పత్రాలు రాయించడం మొదటి మెట్టు కాగలదు. దీనికి పెద్ద నిధులు అవసరం లేదు.

పరిశోధకులు తమను తాము కూడా ప్రశ్నించుకోవాలి. మన సిద్ధాంతగ్రంథాల అనుబంధాల్లో ఉన్న పాటలు, మన ఫోన్లలో, డిస్కుల్లో ఉన్న గొంతులు ఎవరివి? అవి అంతర్జాలంలోకి వెళ్లవచ్చునని వారికి చెప్పామా? పాడిన స్త్రీ పేరు రాశామా, లేక ఫలానా గ్రామస్థురాలు అని సరిపెట్టామా? ఇతరుల వాటాలను తేల్చే అర్హత, ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగినప్పుడే మనకు కలుగుతుంది.

9. ఒక ఆక్షేపణ – సమాధానం

జానపద పాటను హక్కుల చట్రంలోకి తేవడమే తప్పని, ఉమ్మడితనమే దాని ప్రాణమని కొందరు ఆక్షేపించవచ్చు. ఈ మాటలో సత్యమున్నది. బ్రిస్టల్ అనుభవం కూడా ఈ భయాన్ని బలపరుస్తుంది. అయితే అక్కడ హాని చేసింది నమోదు కాదు, తప్పుడు నమోదు. ఉమ్మడిదానిని వ్యక్తిదిగా రాయడం వల్లనే అది జరిగింది. ఏమీ రాయకుండా వదిలేస్తే ఉమ్మడితనం నిలుస్తుందనుకోవడం నేటి పరిస్థితుల్లో పొరపాటు. ఖాళీగా ఉన్న చోట ముందు వచ్చినవారు తమ పేరు రాసుకొంటారు. ‘ఇది సంప్రదాయం, దీనిపై ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు’ అని తేదీతో, పాఠంతో, మూలంతో రాసిపెట్టిన పత్రమే ఆ పాటను అందరికీ అందుబాటులో ఉంచగలదు.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. సంగీత ప్రచురణ అంటే కృతిపై హక్కుల నిర్వహణ. దానిని ధ్వనిముద్రణ యాజమాన్యం నుంచి వేరుగా చూడాలి.

2. కంట్రీ సంగీతంలో ఈ వృత్తి పల్లె కవికి గుర్తింపును, రాబడిని తెచ్చింది. అయితే సంప్రదాయాన్ని వ్యక్తిగత రచనగా నమోదు చేయడం వల్ల లెస్లీ రిడిల్ వంటివారు మరుగున పడ్డారు.

3. 2012 సవరణ తరువాతి భారతీయ చట్టం కవికి, గాయకులకు చెప్పుకోదగిన రక్షణ ఇస్తున్నది. సేకర్తకు, మూలం చెప్పినవారికి మాత్రం ముందస్తు ఒప్పందమే ఆధారం.

4. సంప్రదాయం, రచన, వరుస, ప్రదర్శన అనే పొరలను పాట విడుదలకు ముందే వేరుచేసి రాయడం వివాదాలను చాలావరకు నివారిస్తుంది.

5. ఈ పనికి అవసరమైన పాఠవిమర్శ శిక్షణ జానపద సాహిత్య పరిశోధకుల దగ్గర ఉన్నది. చట్టం, లెక్కలు నేర్చుకొంటే అది వారికి వృత్తి కాగలదు.

పెద్దగట్టు మీద తరువాతి జాతర నాటికి మరికొన్ని కొత్త పాటలు వస్తాయి. వాటిలో కొన్నిటికైనా పొరల పత్రాలు సిద్ధమైతే, గంప ఎత్తుకొని పాడిన తల్లి పేరు, చరణం రాసిన కుర్రవాని పేరు, ఎవరి పేరూ లేని పాత పల్లవి, మూడూ తమ తమ స్థానాల్లో నిలుస్తాయి.